దుబాయి తులసి

బాలలక్ష్మి బహుమతిగా ఇచ్చిన మొక్కను చంపినవాళ్లం ఊళ్లో తొమ్మిది మందిమి. అందులో నేనొకదాన్ని. ఈ సంగతి ముందు ఒప్పుకుంటేనే మిగతాది చెప్పే హక్కు నాకుంటుంది.

మాది బోడగుట్టపల్లె. కరీంనగర్ నుంచి బస్సులో గంట. ఊరికి ఉత్తరాన ఉన్న గుట్టను ఒక గ్రానైట్ క్వారీ తొమ్మిదేళ్లుగా కోస్తోంది. గుట్ట పోయింది, గుంత మిగిలింది. గుంత లోతైన కొద్దీ మా బావుల్లో నీళ్లు దిగిపోయాయి. నేను కాపురానికి వచ్చిననాడు మా ఇంటి బావిలో వంగి చెంబుతో ముంచుకునేదాన్ని. ఇప్పుడు రాయి వేస్తే రాయి మీద రాయి పడ్డ చప్పుడే. నల్లాలున్నాయి. క్వారీలో మందు పేల్చినప్పుడల్లా పైపు పగులుతుంది, అతుకేస్తారు, అతికిన చోటే మళ్లీ పగులుతుంది. అందుకని క్వారీ వాళ్లే రోజుకో ట్యాంకర్ పంపుతారు. గుంతలో ఊరిన మా నీళ్లను మోటరు పెట్టి తోడి, ట్యాంకర్‌లో నింపి, మాకే దానం చేస్తారు. దానికి మేం దండం పెట్టాలి.

నేను బీడీలు చుడతాను. సత్తమ్మ అంటారు. బాలలక్ష్మిది మా పక్క గోడ. ఆమె భర్త హనుమండ్లు పద్నాలుగేళ్లు దుబాయిలో తోటపని చేసి, మోకాళ్లు అరిగి, మూడేళ్ల కింద ఇల్లు చేరాడు. వచ్చినవాళ్లు టీవీలు తెస్తారు, బంగారం తెస్తారు. ఈయన తలనొప్పి మాత్రల డబ్బాలో గింజలు తెచ్చాడు. అక్కడ ఒక పెద్దింటి వాకిట్లో తన చేత్తో పెంచిన లావెండర్ గింజలు. అరబ్బులు దాన్ని ఖుజామా అంటారట. మా ఊరికి ఆ రెండు పేర్లూ నోరు తిరగలేదు. దుబాయి తులసి అన్నాం.

బాలలక్ష్మి దాన్ని పెంచిన తీరు చూసి ఊరంతా నవ్వింది. పేడ వేయలేదు. చెరువు మట్టి వేయలేదు. పాత పెయింటు బకెట్ల అడుగున మేకు కాల్చి బెజ్జాలు పొడిచింది. రాళ్లు పిండిచేసే క్రషర్ పక్కన ఊరికే పడి ఉన్న రాతిపొడి, వాగు ఇసుక, పాత గోడ నుంచి రాలిన సున్నం పెళ్లలు దంచి కలిపింది. రాళ్లల్ల ఏం మొలుస్తదే, నీ మొగని మోకాలి చిప్పలా అని నేనే ఎగతాళి చేశాను. నలభై గింజలకు పదకొండు మొలిచాయి. ముసురుకు ఆరు మురిగిపోయాయి. మిగిలిన అయిదింటిని ఎండాకాలం తూర్పుగోడ నీడకు, వానాకాలం రేకు కిందికి జరుపుతూ కాపాడింది. మరుసటి చలికాలం పూసింది. బూడిద రంగు సన్నాకు, పొడుగు కాడ, కొసన ఊదారంగు కంకి. బతుకమ్మకు రంగు అద్దిన గునుగు పువ్వును బాగా చిన్నది చేస్తే ఎట్లుంటుందో అట్లుంది. ఆకు నలిపితే కర్పూరం వాసన, దాని వెనక సబ్బు వాసన. రాతిదుమ్ము తప్ప ఇంకో వాసన మరిచిపోయిన ముక్కులు మావి. పనికట్టుకుని ఆమె వాకిట్లోకి పోయి వాసన చూసి వచ్చేవాళ్లం.

ఎండిన పూలను రవికె గుడ్డలో మూటగట్టి, బాలింతలను చూడబోయినప్పుడు దిండు పక్కన పెట్టేది. తర్వాత కొమ్మలు తుంచి, ఇసుకలో గుచ్చి, వేరు పట్టినాక మొక్కలే ఇవ్వడం మొదలుపెట్టింది. కొత్త కోడలు వచ్చిన ఇంటికొకటి, ఒడిబియ్యం పోసిన చోట ఒకటి. ఇస్తూ ఒక్కటే మాట చెప్పేది. నీళ్లు పొయ్యకుండ్రి, పదిరోజులకు ఒక గిలాస చాలు.

ఎవరు విన్నారు? పొద్దున తానం చేసి తులసికి చెంబెడు నీళ్లు పోసిన చెయ్యి, పక్కనున్న మొక్కను ఎండబెట్టి లోపలికి ఎట్లా పోతుంది? అందులోనూ ఒకరు ప్రేమగా ఇచ్చిన మొక్క. ఎండితే ఇచ్చినవాళ్లకు మొహం ఎట్లా చూపిస్తాం? ట్యాంకర్ దగ్గర జుట్లు పట్టుకుని తెచ్చుకున్న బిందెలోంచి పోశాం. తాగేవి తగ్గించుకుని పోశాం. బియ్యం కడిగిన నీళ్లు పోశాం. ఇరవై రోజులకు మొదలు నల్లబడి, ఆకు వాలి, కుళ్లు కంపు కొడుతూ చచ్చింది. తొమ్మిది ఇళ్లల్లో తొమ్మిది. బాలలక్ష్మి ఇల్లిల్లూ తిరిగి, మట్టిలో వేలు పెట్టి, తడి తగలగానే తిట్టిపోసేది. నన్ను మాత్రం తిట్టలేదు. మా ఎండిన బావి వైపు చూసి, దీనికి నీళ్లు ఏడికెళ్లి తెచ్చి పోసినవ్ సత్తక్కా అని అడిగింది. రెండు రోజులకోసారే తానం చేస్తూ పోశానని నేను చెప్పలేదు.

పోయిన మాఘమాసంలో నోటీసు వచ్చింది. గుంతను చెరువుకట్ట దాకా పెంచుతారట. దానికి ప్రజాభిప్రాయ సేకరణ. అంటే గుడారం వేస్తారు, కలెక్టరాఫీసు నుంచి పెద్దసారు ఒకరు వస్తారు, ఊరివాళ్లు మైకులో చెప్పింది రాసుకుంటారు, వీడియో తీస్తారు. ఆ రాత చూసి పైవాళ్లు పర్మిషన్ ఇస్తారో లేదో తేలుస్తారు. చెరువుకట్ట దాకా తవ్వితే చెరువు కూడా గుంతలోకే దిగుతుంది. ఆ తర్వాత ట్యాంకర్ తప్ప మాకు దిక్కుండదు. ఈ సంగతి కాగితం మీద పడాలి. మాకు కావాల్సింది అంతే. కాగితం మీద లేనిది ఆఫీసుల లెక్కన జరగనే లేదు.

మాట్లాడేవాళ్లు ముందుగా టోకెన్ తీసుకోవాలన్నారు. మేం పోయేసరికే అరవై టోకెన్లు అయిపోయాయి. లారీ డ్రైవర్లు, క్వారీ క్యాంటీను వాళ్లు, ఆ క్యాంటీను వాళ్ల బావమరుదులు. నాకు అరవై నాలుగో నంబరు దొరికింది. మధ్యాహ్నం తిండి పొట్లాలు పంచగానే సభ ఎత్తేస్తారని మాకు తెలుసు, వాళ్లకూ తెలుసు.

ఒకటో నంబరు ఎవరిదో సభకు అయిదు రోజుల ముందు బయటపడింది. బస్టాండులో కొత్త ఫ్లెక్సీ కట్టారు. దాని మీద నిలువెత్తు బాలలక్ష్మి. రెండు చేతుల్లో పూసిన దుబాయి తులసి. కింద ఇంతింత అక్షరాలు: నీటికి కొదవలేని పచ్చని పల్లె, మా బోడగుట్టపల్లె.

బీడీల చాట పక్కన పడేసి సక్కగా ఆమె ఇంటికి పోయాను. వాకిట్లో బకెట్ల మధ్య కూచుని ఎండుకొమ్మలు కత్తిరిస్తోంది. నేను ఏమన్నానో అంతా చెప్పను. అమ్ముడుపోయినవని అన్నాను. ఇంకా పాడు మాటలు అన్నాను. ఆమె కత్తెర ఆపలేదు. క్వారీ మేనేజరు కరుణాకర్ వారం కింద వచ్చాడట. చెట్టు ముద్దుగున్నదని ఫోటో తీసుకున్నాడట. కొడుకు సంపత్ అక్కడే పని చేస్తుంటే మేనేజర్‌ను ఫోటో వద్దని ఎట్లా అంటుందట? ఫ్లెక్సీ సంగతి ఆమెకు ఊరంతటితో పాటే తెలిసింది. సభలో మొదట ఆమెనే పిలుస్తారు. ఈ చెట్టును పెద్దసారుకు బహుమతిగా ఇవ్వాలి. నీళ్లు మంచిగున్నయ్, సంతోషంగ ఉన్నం సారూ అనాలి. దిగాలి. అంతే పని.

సంపత్ మూడేళ్లు రాళ్లకు తాళ్లు కట్టే హెల్పరు. ఆరు నెలల కింద క్రేన్ ఎక్కాడు. క్రేన్ ఎక్కినాకే ధర్మపురి దగ్గర సంబంధం కుదిరింది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే అడిగాను.

"అయితే పోయి అంటవా, నీళ్లున్నయని?"

"నాకు కొడుకున్నడు సత్తక్కా."

"నాకు బాయి ఉండె."

ఆమె ఇంకో ఎండుకొమ్మ కత్తిరించింది. తలెత్తి నా మొహం కూడా చూడలేదు. నేను లేచి వచ్చేశాను. ఆ అయిదు రోజులూ మా ఇద్దరి మధ్య గోడ నిజంగానే గోడ అయింది. ట్యాంకర్ దగ్గర ఆడవాళ్లు ఆమె బిందెను వరసలోంచి పక్కకు తోసేవాళ్లు. నేను చూస్తూ ఊరుకున్నాను. అందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను, అప్పుడు పడలేదు.

సభకు ముందు రోజు సాయంత్రం కరుణాకర్ క్వారీలో సంపత్‌ను పిలిచాడు. తిట్టలేదు, బెదిరించలేదు. క్రేన్ తాళంచెవి ఇయ్యి, రేపు మీటింగ్ అయినంక తీస్కుందువు అన్నాడట. సంపత్ ఇచ్చి ఇంటికి వచ్చాడు. వాళ్ల మాటలు గోడ ఇవతలికి వినపడ్డాయి. పిల్లాడు అరవలేదు. అవ్వా, జర రెండు ముచ్చట్లు అని దిగిరా, నీ కాళ్లు మొక్కుత అన్నాడు. హనుమండ్లు దగ్గు తప్ప ఇంకేం వినపడలేదు. ఆ ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగినట్టు కూడా లేదు.

పొద్దున్నే క్వారీ మనుషులు ఇద్దరు వచ్చారు. పెయింటు బకెట్ ఫోటోలో బాగుండదని బంగారు రంగు కాగితం తెచ్చారు. అయిదు మొక్కల్లో బాగా పూసిన దాన్ని ఏరి, బకెట్‌కు అడుగు నుంచి అంచు దాకా కాగితం చుట్టి, రిబ్బను కట్టారు. హనుమండ్లు కర్ర పట్టుకుని వచ్చి అడుగు తడిమాడు. బెజ్జాలు మూసుకపోయినయ్, నీళ్లు దిగక ఉడికి సస్తది అన్నాడు. ఫోటో దాక ఆగు తాతా అన్నారు వాళ్లు.

బడి మైదానంలో గుడారం. తాడు కట్టి ఇవతల మమ్మల్ని నిలబెట్టారు. అవతల కుర్చీల్లో క్వారీ వాళ్లు, అందరికీ పసుపు టోపీలు. మూడో వరసలో సంపత్. వేదిక పక్కన నీళ్ల సీసాల డబ్బాలు మనిషెత్తు పేర్చారు. అన్ని నీళ్లు ఒక్కచోట చూసి మా వెనక ఒక ముసలామె, ఇయ్యాల గీడనే పండుకుంటనే అంది. ఎవరూ నవ్వలేదు. పోలీసులు మా వైపు తిరిగి నిలబడ్డారు.

పెద్దసారు వచ్చి కూచున్నాడు. పక్క బల్ల దగ్గర రాసుకునే అమ్మాయి కంప్యూటర్ తెరిచింది. కరుణాకర్ మైకు పట్టుకున్నాడు. తెల్లచొక్కా. జేబులో తాళంచెవి, దానికి వేలాడే ఎర్ర తాడు బయటికి కనపడుతోంది. కావాలనే కనపడేటట్టు పెట్టుకున్నాడు. దుబాయిలో, ఫారిన్‌లో పెరిగే పూలు మా ఊరి తల్లులు ఇంటి ముందు పెంచుతున్నారని, రోజుకు రెండు పూటలా నీళ్లు పోసి పిల్లల్లాగా సాకుతున్నారని, నీళ్లు లేవని అరిచేవాళ్లకు ఇదే జవాబు అని చెప్పాడు. బాలలక్ష్మిని పిలిచాడు.

ఆమె మెట్లెక్కింది. ఉతికిన పాత చీర. చేతుల్లో బంగారు కాగితం తళతళ మెరుస్తోంది. నేను ఆమె కాళ్లే చూస్తున్నాను. వణకడం లేదు. అది చూసి నాకు ఇంకా కోపం వచ్చింది.

కరుణాకర్ మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. అతను మెల్లగా అందించాడు. "నీళ్లు మంచిగున్నయ్ అను."

"సారూ, నమస్తే," అంది. మళ్లీ ఆగిపోయింది.

ఆగిపోయిన మాటను కరుణాకర్ సభ మర్యాదతో కప్పేద్దామనుకున్నాడు. మా దగ్గర ఏ పెద్దమనిషి చేతికి మొక్క వచ్చినా, ఆయన దానికి నీళ్లు పోయాలి, ఫోటో దిగాలి. అది లేనిదే కార్యక్రమం అయినట్టు కాదు. డబ్బాలోంచి లీటరు సీసా తీసి మూత తిప్పి పెద్దసారు చేతికిచ్చాడు. మీ చేత్తో పోయండి సార్ అన్నాడు. ఫోటో అతను ముందుకు జరిగాడు. పెద్దసారు లేచి, నవ్వుమొహం పెట్టి, సీసా వంచాడు.

బాలలక్ష్మి ఒక్క చేత్తో బకెట్‌ను చంకలోకి లాక్కుని ఇంకో చేత్తో సీసా మెడ పట్టుకుంది. నీళ్లు ఆయన బూట్ల మీద పడ్డాయి.

"పొయ్యకు సారూ. సస్తది."

మైకు ఇంకా ఆమె ముందే ఉంది. ఆ మాట మైదానమంతా వినపడింది. ఆడ కానిస్టేబుల్ రెండు మెట్లెక్కి ఆగింది. పెద్దసారు మొహంలో నవ్వు పోలేదు గానీ గట్టిపడింది.

"నీళ్లు పోస్తే చెట్టు చస్తుందా అమ్మా?"

"గిది సస్తది. గిప్పటికే తొమ్మిది సచ్చినయ్. కావాలంటే వాళ్లను అడుగుండ్రి, ఆడ నిలవడ్డరు."

ఆమె చెయ్యి తాడు ఇవతలికి, మా వైపు చూపించింది. కరుణాకర్ మైకు లాక్కోబోయాడు. పెద్దసారే వద్దన్నట్టు చెయ్యెత్తాడు. ఆయన మా మీద ప్రేమతో ఎత్తాడని నేను అనుకోను. బూట్లు తడిసినాయన, ఎందుకు తడిశాయో తెలుసుకోవాలనుకున్నాడు. రెండు పూటలా నీళ్లు పోసి పెంచారని ఇప్పుడే చెప్పారు కదా అని అడిగాడు.

"ఎవలు చెప్పిన్రో వాళ్లనే అడుగు సారూ. నేనైతే పదిరోజులకు గిలాసెడు పోస్త. అది గూడ నా పెనిమిటి మొఖం కడిగిన నీళ్లు." ఆమె బకెట్‌ను ఇంకో చంకకు మార్చుకుంది. "మా ఇంటి ముంగట మల్లె ఉండె, సచ్చింది. కర్యపాకు సచ్చింది. తులసిని మూడుమాట్ల పెట్టిన, మూడుమాట్ల ఎండింది. గిదొక్కటి నీళ్లు అడగది, గందుకే ఉన్నది. నీళ్లుంటే గిది సచ్చేది, గవి బతికేవి."

నా వెనక ముసలామె ముక్కు చీదింది. పసుపు టోపీలు గుసగుసలాడాయి. నేను ఆ సందడిలో పడిపోకుండా రాసుకునే అమ్మాయినే చూస్తున్నాను. ఆమె వేళ్లు ఆడలేదు. ఒక్క అక్షరం కొట్టలేదు.

తాడు కింద నుంచి దూరి అరిచాను. ఆమె చెప్పింది రాసిండ్రా, రాస్తే చదువుండ్రి అన్నాను. రాసింది తెలుగులో చదివి వినిపించాలని మీ నోటీసులోనే ఉందన్నాను. కానిస్టేబుల్ నా భుజం పట్టుకుంది. పెద్దసారు విసుగ్గా అమ్మాయి వైపు తల ఊపాడు.

ఆ పిల్ల తెరను చూసి, కరుణాకర్‌ను చూసి, చదివింది. "శ్రీమతి బాలలక్ష్మి, గృహిణి. లావెండర్ మొక్కను బహూకరించి, గ్రామంలో నీటి సౌకర్యం పట్ల హర్షం వ్యక్తం చేశారు."

ఆమె మెట్లెక్కక ముందే ఆమె మాట అక్కడ ఉంది. అందరికీ అర్థమైంది. పెద్దసారు మాత్రం, సరే, మిగతావి తర్వాత చూద్దాం, మొక్క ఇవ్వండమ్మా అని రెండు చేతులు చాపాడు. ఫోటో అతను కెమెరా ఎత్తాడు. ఫోటో పడితే అయిపోయినట్టే. బూట్ల తడి ఆరిపోతుంది, హర్షం మిగులుతుంది.

బాలలక్ష్మి ఇవ్వలేదు. వేదిక మీదే, ఉన్నచోటే కూచుంది. బకెట్‌ను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులు చుట్టింది.

"నేను గా మాట అనలే. నీళ్లు లేవన్న. గది రాసేదాక చెట్టు ఇయ్య."

పెద్దసారు చాపిన చేతులు అట్లాగే ఉండిపోయాయి. వాటిని ఏం చేయాలో ఆయనకు తోచలేదు. ఇస్తామన్న బహుమతిని ఇవ్వనని ఒళ్లో పెట్టుకున్న మనిషిని ఆయన చూసి ఉండడు. వీడియో తిరుగుతోంది. కానిస్టేబుల్ ఆమె రెక్క పట్టి లేపబోతే బకెట్ ఒరిగి, గుప్పెడు రాతిపొడి ఆమె చీర మీద పడింది. మా వైపు జనం తాడును ముందుకు తోశారు. గుంజ ఒకటి ఊడింది. పోలీసులు కర్రలు అడ్డం పెట్టారు. ఇంకొక్క మాట ఎవరు తప్పుగా అన్నా తలలు పగిలేవి.

కరుణాకర్ ఆమె పక్కన ముంగాళ్ల మీద కూచున్నాడు. మైకు దూరం పెట్టాడు గానీ, నేను దగ్గరే ఉన్నాను, విన్నాను.

"అక్కా, సంపత్ చూస్తుండు," అన్నాడు. జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

ఆమె కళ్లు మూడో వరసకు పోయాయి. సంపత్ అప్పటికే లేచి నిలబడ్డాడు. పసుపు టోపీల మధ్య ఒక్కడే నిలబడ్డాడు.

"అవ్వా, దిగు," అన్నాడు.

"వస్త బిడ్డా. రాయనీ."

ఎంత సేపో చెప్పలేను. ఒక బీడీ చుట్టేంత సేపు ఉండొచ్చు, పది చుట్టేంత సేపు ఉండొచ్చు. సంపత్ కూచోలేదు. మళ్లీ పిలవలేదు. ఆమె కళ్లు వాడి మీద నుంచి తీయలేదు, చేతులు బకెట్ మీద నుంచి తీయలేదు. ఆ రెండు చూపులకూ మధ్య నేనున్నాను. అయిదు రోజుల కింద ఆమె వాకిట్లో నేనన్న మాటలు ఒక్కొక్కటే నాకు తగులుతున్నాయి.

చివరికి పెద్దసారు చేతులు దించుకున్నాడు. ఆ అమ్మాయితో, ఆమె ఏం చెప్పిందో అది రాయండి అన్నాడు. గొంతులో చిరాకే ఉంది. మాకు చిరాకైనా ఒకటే. అమ్మాయి వేళ్లు ఆడాయి. బాలలక్ష్మి చెప్పింది, ఆ పిల్ల కొట్టింది. మల్లె, కర్యపాకు, మూడుసార్లు ఎండిన తులసి, పదిరోజులకు గిలాసెడు. తర్వాత చదివి వినిపించింది. గ్రామంలో నీళ్లు లేవు అన్న మాట మైకులో, ప్రభుత్వం భాషలో, మాకు వినపడింది. తొమ్మిదేళ్లలో మొదటిసారి.

అప్పుడు లేచింది. బంగారు కాగితాన్ని అడుగున గోటితో చించి, బెజ్జాలు తెరిచి, బకెట్‌ను పెద్దసారు చేతుల్లో పెట్టింది. "తీస్కో సారూ. మంచి చెట్టు. నీళ్లు పొయ్యకు," అని మెట్లు దిగింది.

గుడారం ఇంకా విప్పకముందే కరుణాకర్ ఆ తాళంచెవిని సంపత్ ఎదురుగానే ఇంకొకడి చేతిలో పెట్టాడు. మర్నాటి నుంచి ట్యాంకర్ రాలేదు. మూడు రోజులు పక్క ఊరి పొలాల బోరు దగ్గరికి నడిచాం. దారిలో కొందరు బాలలక్ష్మిని తిట్టారు, కొందరు నన్ను తిట్టారు. నాలుగో నాడు ట్యాంకర్ వచ్చింది. ఎందుకు మానిందో, ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పలేదు. పర్మిషన్ ఇచ్చారా అంటే ఇవ్వలేదు, ఆపారా అంటే ఆపలేదు. కాగితం హైదరాబాద్ పోయిందట.

పదిహేనో నాడు ఆఫీసు నుంచి ఇద్దరు జీపులో వచ్చి బావుల్లో టేపు వదిలి కొలిచారు. మా బావిలో పద్దెనిమిది మీటర్లు పోయినా టేపుకు తడి అంటలేదు. రాసింది నాకు చదివి చెప్పినాకే సంతకం పెట్టాను. పెద్దసారు దగ్గర మొక్క ఎట్లుందని బాలలక్ష్మి వాళ్లను అడిగింది. టేబుల్ మీదే ఉందని, అటెండరు రోజూ పొద్దున నీళ్లు పోస్తున్నాడని వాళ్లలో చిన్నవాడు సంబరంగా చెప్పాడు. ఆమె వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది.

"ఇంకో వారానికి సస్తది," అంది. "సచ్చిననాడు నా మాట యాదికొస్తది ఆయినకు."

సంపత్ తల్లితో మాట్లాడడం మానేశాడు. ధర్మపురి వాళ్లు ఇంకా అవుననలేదు, కాదనలేదు. ఆదిలాబాద్ దిక్కున పత్తి మిల్లులో బండి నడిపే పని దొరికిందని ఉగాది పోయిన మూడో నాడు సంచి సర్దుకున్నాడు. తండ్రికి చెప్పాడు, తల్లికి చెప్పలేదు. ఆమె గడపలో నిలబడి ఉంది. వాడు వాకిట్లో ఆగి, సంచి కింద పెట్టాడు. ఎండ ముదురుతోంది. మిగిలిన నాలుగు బకెట్లను ఒక్కొక్కటే ఎత్తి తూర్పుగోడ నీడకు జరిపాడు. ఎట్లా పెట్టాలో వాడికి తెలుసని నాకు అంతవరకు తెలియదు. సంచి ఎత్తుకుని బస్సుకు పోయాడు. వెనక్కి చూడలేదు.

ఆ సాయంత్రం ఆమె గోడ మీదుగా నాకు ఒక మొక్క అందించింది. నూనె డబ్బాలో రాతిపొడి, అందులో వేలెడు కొమ్మ. క్షమించమని నేను అడగలేదు, ఆమె ఎదురుచూడలేదు.

"రెండోసారి ఇస్తున్న సత్తక్కా. గిది గూడ సంపితే ఇగ నీకు లేదు."

పొద్దున తానం చేసి వాకిట్లోకి వస్తే చెంబు దానంతట అదే దాని మీదికి వంగుతుంది. ఒక్కోసారి రెండు చుక్కలు పడ్డాక గానీ నాకు తెలివి రాదు. చెంబు వెనక్కి తీసుకుంటాను. ఆమె ఇచ్చి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఆకు బూడిద రంగులోనే ఉంది. మొదలు నల్లబడలేదు.